గుణింతాల బడి, మా అమ్మ రాత్రి బడి

నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు మెట్ట పల్లెల్లో పెరిగినవాళ్లకు నీళ్ల కరువు ఎంత తెలుసో పుస్తకాల కరువు కూడా అంతే తెలుసు. నా చిన్నతనంలో మా ఊళ్లో అచ్చు అక్షరం కనబడే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎర్ర బస్సు నుదుట ఊళ్ల పేర్లు, అంగట్లో చక్కెర పొట్లం కట్టిచ్చే పాత పేపరు ముక్క, రామాలయం గోడమీద చందాలిచ్చినవాళ్ల పేర్లు, ఎన్నికలప్పుడు గోడల నిండా రాతలు. మా ఇంట్లో అట్ట ఊడిన పెద్దబాలశిక్ష ఒకటి, దూలానికి దోపిన పంచాంగం ఒకటి ఉండేవి. జేజికి చదువు రాదు. నాయన అయిదో తరగతితో ఆపేశాడు. అమ్మ బడి గడప తొక్కలేదు.

1990 దశకం మొదట్లో ఆ ఊళ్లో రెండు బళ్లు నడిచాయి. పగటి బడి పిల్లలది. రాత్రి బడి అమ్మలది. రెండు బళ్లలోనూ తెలుగు చదవడమే నేర్పేవాళ్లు గానీ, నేర్పే తీరు వేరు. ఆ తేడా నా కళ్ల ముందే జరిగింది. తర్వాత నేను టీచరునై చిన్న తరగతులకు పాఠం చెప్పడం మొదలుపెట్టాక, పిల్లలకు చదువు ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని ఆలోచించిన ప్రతిసారీ ఆ రెండు బళ్లే గుర్తొస్తాయి.

పగటి బడి అంటే ఒక పెంకుటిల్లు, ముందు వసారా, పక్కన వేపచెట్టు. అయిదు తరగతులకూ ఇద్దరే అయివార్లు. ఒకటో తరగతి పిల్లలం వసారాలో కూచునేవాళ్లం. మొదట ఇసుకలో వేలితో దిద్దడం, తర్వాత పలక. పలక తెల్లబడితే దొండాకూ బొగ్గూ కలిపి రుద్దేవాళ్లం. ఇంటికెళ్లేసరికి చేతులు, లాగులు, పావడాలు అన్నీ నల్లగా ఉండేవి. బలపం ముక్క విరిగితే అదో పెద్ద దుఃఖం.

సాయంత్రం ఇంటిగంట కొట్టేముందు అందరం నిలబడి గుణింతాలు చెప్పాలి. ఒక పిల్లవాడు ముందు నిలబడి కకు తలకట్టిస్తే ఏమవుతుందో, దీర్ఘమిస్తే ఏమవుతుందో, గుడిస్తే ఏమవుతుందో చెబుతాడు. మిగతా అందరం గొంతెత్తి అందుకుంటాం. కొమ్ము, ఎత్వం, ఐత్వం, ఔత్వం, సున్న దాకా పోయి, మళ్లీ ఖతో మొదలు. ఆ పాట పొలంలో ఉన్నవాళ్లకు కూడా వినబడేది. ‘బడి ఇడిసే యాళయింది’ అని జేజి ఆ పాట విని పొయ్యి రాజేసేది.

ఆ పాటను తక్కువ చేసి మాట్లాడేవాళ్లను నేను చాలామందిని చూశాను. నేను మాత్రం అలా మాట్లాడలేను. తెలుగు రాతలోని అసలు కిటుకు గుణింతంలోనే ఉంది. ఒక హల్లుకు ఏ గుర్తు తగిలిస్తే ఏ ధ్వని వస్తుందో ఒక్కసారి చెవికి, కంటికి కలిపి పట్టుబడితే, క నుంచి హ దాకా అదే లెక్క. ఎవరూ చెప్పకుండానే కొత్త అక్షరాన్ని పలకగల ధైర్యం పిల్లకు అక్కడినుంచే వస్తుంది. నాకు అలాగే వచ్చింది.

అయితే పాట నోటికి వచ్చినవాళ్లందరికీ చదువు రాలేదు. మా అన్న, అంటే మా పెదనాయన కొడుకు, నాకంటే ఒక తరగతి పైన ఉండేవాడు. మాటకారి. ఒకసారి విన్న బుర్రకథ మర్నాడు అరుగు మీద చెప్పేవాడు. వాచకంలో పాఠాలన్నీ వాడికి నోటికి వచ్చు. పుస్తకం పట్టుకుని వరస మీద వేలు ఆనించి గడగడా అప్పజెప్పేవాడు. మాట ఒకచోట ఉంటే వేలు ఇంకోచోట ఉండేది. పుస్తకం మధ్యలో ఎక్కడో తెరిచి చదవమంటే గొంతు ఆగిపోయేది. ‘అక్క’ను ‘అకక’ అని, ‘బస్సు’ను ‘బసుస’ అని, ‘చెట్టు’ను ‘చెటుట’ అని కూడబలుక్కునేవాడు. ఇంట్లో, వీధిలో రోజుకు పదిసార్లు అనే మాటలే అవి. కాగితం మీద కనబడితే వాడికి అవి తన మాటలని తెలిసేది కాదు.

వాడు ఆగింది ఒత్తుల దగ్గర. తెలుగు చదవడం నేర్చుకునే పిల్లకు అసలు పరీక్ష అక్కడే ఉంటుంది. వర్ణమాలలో అక్షరాలు 56 అని పెద్దబాలశిక్ష చెబుతుంది గానీ, గుణింతాలు, ఒత్తులు కలిస్తే పిల్ల కళ్లు గుర్తుపట్టవలసిన రూపాలు కొన్ని వందలు. గ, డ, ద లాంటి అక్షరాలు ఒత్తుగా మారితే తలకట్టు పోయి రూపం చాలావరకు నిలుస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు. వాటిని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. దానికి తోడు కన్ను చూసే వరస ఒకటి, నోరు పలికే వరస ఇంకొకటి. ‘స్త్రీ’ అన్న అక్షరం చూడండి. గుడిదీర్ఘం పైన స నెత్తిన ఉంటుంది. త, ర కింద ఉంటాయి. పలికేటప్పుడు మాత్రం ముందు స, తర్వాత త, ర, చిట్టచివర ఆ ‘ఈ’ శబ్దం. పిల్లలు ముందు దాన్ని ‘సీతర’ అనే చదువుతారు. అది మొద్దుతనం కాదు. కళ్లకు కనబడిన వరసలో చదవడమే వాళ్లు నేర్చుకున్నది. వరస ఎక్కడ మారుతుందో ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూపించాలి.

నేను రెండో తరగతిలోకి వచ్చేసరికి మా బడికి కొత్త టీచరమ్మ వచ్చింది. అప్పట్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచేది. టీచర్లు దాన్ని ‘ఆపెప్’ అనేవాళ్లు. పిల్లల చేత పనులు చేయిస్తూ నేర్పడం, గుంపులుగా కూచోబెట్టడం, చుట్టుపక్కల దొరికే వస్తువులతోనే పాఠం చెప్పడం, పిల్లలు చేసినవి గదిలో అందరికీ కనబడేట్టు పెట్టడం, ఒక్కో పిల్లకు ఉన్న తేడాను గమనించడం ఆ పథకంలో ముఖ్యమైన సూత్రాలు. ఆ టీచరమ్మ ఆ పథకం శిక్షణ పొంది వచ్చింది.

వచ్చిన వారంలోనే గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు పురికొస తాడు కట్టించింది. మేం గీసిన బొమ్మలు, రాసిన ముక్కలు దానికి వేలాడదీసేది. పొద్దున్నే ‘రాత్రి మీ ఇండ్లలో ఏం జరిగింది?’ అని అడిగేది. ఎవరో ‘మా గేదె ఈనింది’ అన్నారు. ఆ మాటే బోర్డు మీద రాసింది. అందరం చదివాం. తర్వాత ‘ఈనింది’లో ఉన్న ఈ, ని, ది ఎక్కడెక్కడ ఉన్నాయో వేలు పెట్టి చూపమంది. ‘ని’ ఉన్న ఇంకో మాట చెప్పమంది. ‘పని’ అని ఒకరు, ‘ఆమని’ అని ఒకరు. గేదె ఈనడంతో మొదలైన పాఠం గుణింతం దగ్గరికి వచ్చి, గుణింతం మళ్లీ కొత్త మాటల్లోకి వెళ్లింది. గుణింతాల పాటను మాత్రం ఆమె ఆపలేదు. సాయంత్రం వేపచెట్టు కింద అది యథాప్రకారం సాగింది.

ఒత్తులు ఆమె నేర్పిన తీరు నేను నా తరగతిలో ఇప్పటికీ వాడతాను. జంట మాటలు రాసేది. గద, గద్ద. గుడి, గుడ్డి. కల, కల్ల. ముందు చదివించదు. ఊరికే తను అని వినిపించేది. రెండు మాటల్లో నోరు ఎక్కడ నొక్కి పట్టిందో చెప్పమనేది. నొక్కిన చోట చప్పట్లు కొట్టమనేది. చెవికి తేడా తెలిశాక, ఆ నొక్కుకు గుర్తు కింద ఉన్న ఈ ఒత్తు అని చూపించేది. ‘అకక’ అనే మాట మా తరగతిలో కొన్నాళ్లకే మాయమైంది.

మా అన్నకు ఆ అదృష్టం దక్కలేదు. టీచరమ్మ ఒకటి, రెండు తరగతులు చూసేది. వాడప్పటికే మూడులో ఉన్నాడు. మూడో తరగతి వాచకంలో పాఠాలు పొడుగు, ఒత్తుల మాటలు ఎక్కువ. ఆ తరగతిలో పిల్లలకు చదవడం వచ్చేసిందనే లెక్కతో పాఠం సాగుతుంది. వెనక్కి వెళ్లి ఒత్తులు నేర్పే పని ఏ కాలపట్టికలోనూ లేదు. చదవలేనివాడికి తెలుగే కాదు, లెక్కల్లో రాత లెక్కలు, పరిసరాల పాఠం అన్నీ మూసుకుపోయాయి. నాలుగో తరగతి మధ్యలో గొడ్ల వెంట పోయాడు. ‘వాడికి చదువు అబ్బలేదు’ అన్నారు ఇంట్లో. బుర్రకథ మొత్తం గుర్తుంచుకున్న పిల్లవాడి గురించి అన్న మాట అది. అది నాకు ఈనాటికీ మింగుడు పడలేదు.

ఇక రాత్రి బడి. ఆ రోజుల్లో మా జిల్లాలో ‘అక్షరదీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. కళాజాత వాళ్లు వచ్చి బొడ్రాయి దగ్గర పాటలు పాడి, నాటకం ఆడి, ఆడవాళ్లను చదువుకు పిలిచారు. పొలం పనులు, వంటలు ముగించుకుని పొద్దుపోయాక లాంతరు చుట్టూ కూచునేవాళ్లు. పది చదివిన మా ఊరి అబ్బాయే వాలంటీరు. అమ్మ కొంగు పట్టుకుని నేనూ పోయేదాన్ని.

అక్కడ ఓనమాలతో మొదలుపెట్టలేదు. ముందు ఒక బొమ్మ. దాన్ని చూపించి కాసేపు మాట్లాడించేవాళ్లు. కూలి ఎంత ఇస్తున్నారు, నీళ్లు ఎంత దూరం నుంచి తెస్తున్నారు, ఇంట్లో తాగి వస్తే ఏమవుతోంది. మాటలు వేడెక్కాక బొమ్మ కింద ఉన్న పదం చదివించి, ఆ తర్వాత ఆ పదాన్ని అక్షరాలుగా విడగొట్టేవాళ్లు. జాతీయ అక్షరాస్యతా మిషన్ అప్పట్లో అంతటా పెట్టిన పద్ధతి అది. మూడు వాచకాలు, మొత్తం 200 గంటల చదువు.

ఆ వాచకాల్లోని సీతమ్మ కథ మా జిల్లాను కదిలించింది. సారా వల్ల కుటుంబం చెడిన ఆడమనిషి కథ అది. దాన్ని చదివి, చర్చించుకుని, 1992లో దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మనివ్వకుండా అడ్డుకున్నారు. ఆ పోరాటమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై తర్వాతి వాచకంలోకి వచ్చింది. ఊరూరా పాకింది. సారా వేలం పాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మా అమ్మ తనంతట తాను కూడబలుక్కుని చదివిన మొదటి మాటల్లో ‘సారా’ ఒకటి. రెండక్షరాలు, రెండు దీర్ఘాలు, ఒత్తు లేదు. చదవగానే దాని బరువు ఆమెకు తెలుసు.

ఇంటికొచ్చాక అమ్మ, నేను బుడ్డి దీపం ముందు చెరో పుస్తకంతో కూచునేవాళ్లం. అమ్మ పాఠంలో చూసిన మాటను చూడగానే చెప్పేది. చూడని మాట వస్తే ఆగేది. అప్పుడు నేను గుణింతం అందించేదాన్ని. ‘మకు కొమ్మిస్తే ఏందమ్మా?’ అంటే, కాస్త తడుముకుని ‘ము’ అనేది. నా వంతు వచ్చినప్పుడు నేను పాఠం గుక్క తిప్పుకోకుండా చదివేదాన్ని. అమ్మ విని, ‘బాగుంది పాపా, ఇంతకీ ఏమయింది ఆ కథలో?’ అని అడిగేది. ఆ ప్రశ్న బడిలో అప్పటిదాకా ఎవరూ అడగలేదు. చెప్పడానికి నేను మళ్లీ మొదటి నుంచి, ఈసారి మెల్లగా, చదవాల్సి వచ్చేది. మా ఇంట్లో నా చదువు అర్థంతో కలిసింది ఆ ప్రశ్న దగ్గరే.

ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం రెండు శక్తుల గుణకార ఫలం. ఒకటి రాతను శబ్దంగా మార్చుకోవడం, రెండోది విన్న భాషను అర్థం చేసుకోవడం. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్న అయినా ఫలితం సున్నే. ఈ మాట నేను ఉపాధ్యాయ శిక్షణలో చదివినప్పుడు మా ఇంట్లో ఆ బుడ్డి దీపమే కళ్లముందు మెదిలింది. మా అన్నకు భాష కొండంత ఉంది, రాతను శబ్దం చేసే నేర్పు దగ్గర తెగిపోయింది. గడగడా చదివి కథ చెప్పలేని పిల్లలకు రెండోది తెగుతుంది. పగటి బడి ఒకటి ఇచ్చింది, రాత్రి బడి ఇంకొకటి ఇచ్చింది. రెండూ అందినవాళ్లం నిలబడ్డాం.

ఇంకో సంగతి కూడా ఆ ఊరే నాకు నేర్పింది. ఉద్యమం సద్దుమణిగాక లాంతరు వెలగడం మానేసింది. చదవడానికి ఊళ్లో ఏమీ లేదు. అమ్మతో పాటు కూచున్నవాళ్లలో చాలామంది కొన్నేళ్లకే సంతకం దగ్గరికి వచ్చి ఆగారు. మా ఇంట్లో మాత్రం టీచరమ్మ పుణ్యమా అని పాత ‘చందమామ’లు చేరాయి. 1947 జులైలో మొదలైన ఆ పత్రికను దశాబ్దాల పాటు కొడవటిగంటి కుటుంబరావు తీర్చిదిద్దారు. వాక్యం చిన్నది, తెలుగు తేటది, పేజీపేజీకీ బొమ్మ. బేతాళ కథ చివర ప్రశ్న వచ్చేసరికి నేను ఆపేదాన్ని. విక్రమార్కుడు ఏం చెబుతాడో అమ్మ ముందే ఊహించి చెప్పాలి. ఆమె చెప్పింది సరిపోయిందా లేదా అని నేను గబగబా చదివేదాన్ని. నా చదువుకు వేగం వచ్చింది అక్కడ. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్ల ఓపికంతా కూడబలుక్కోవడానికే ఖర్చయిపోతుంది. ఇష్టంగా చదివే పుస్తకాలు చేతినిండా ఉంటేనే ఆ శ్రమ తగ్గి, మనసు కథ మీదికి పోతుంది. ఇష్టంగా చదివేవాళ్లు ఇంకా చదువుతారు, చదవలేనివాళ్లు పుస్తకానికే దూరం జరుగుతారు. ఏటికేడాదీ ఆ ఎడం పెరుగుతూనే పోతుంది.

నేను టీచరునయ్యాక ఎన్నో పథకాలు చూశాను. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి వాళ్లు ఒకే టీచరున్న పల్లె బళ్ల కోసం పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి పిల్లా తన మెట్టు నుంచి తనే ఎక్కుతుంది. ఏ పిల్లా ‘మూడో తరగతి కాబట్టి వచ్చేసి ఉంటుంది’ అనే లెక్కలో కొట్టుకుపోదు. ఆ పద్ధతి తమిళనాడు ప్రభుత్వ బళ్ల దాకా పోయింది. ‘ప్రథమ్’ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పిల్లల్ని వయసును బట్టి కాక, అక్షరం వచ్చినవాళ్లు, పదం వచ్చినవాళ్లు, పేరా చదవగలవాళ్లు అని వాళ్ల స్థాయిని బట్టి రోజూ కాసేపు విడిగా కూచోబెట్టి నేర్పే పద్ధతి తెచ్చారు. 2021లో కేంద్రం ‘నిపుణ్ భారత్’ మొదలుపెట్టింది. 2022లో తెలంగాణ ‘తొలిమెట్టు’ తెచ్చింది. చిన్న తరగతుల్లోనే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలన్నదే వీటి లక్ష్యం.

లక్ష్యం ఎంత దూరంలో ఉందో పల్లె పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే చెబుతుంది. దేశంలో పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 16.3 శాతం. 2024 నాటికి 23.4 శాతం. పెరిగింది, సంతోషమే. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా మా అన్న నిలబడ్డ చోటే నిలబడి ఉన్నారు.

మన లిపికి అక్క వరసైన కన్నడ లిపి నేర్చుకునే పిల్లల మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. నాలుగో తరగతికి వచ్చినా సంయుక్తాక్షరాలు పిల్లలకు పూర్తిగా పట్టుబడవని అందులో తేలింది. ఇంగ్లీషుకు 26 అక్షరాలు. మన పిల్లలు వందల రూపాలు నేర్చుకోవాలి. ఒకటో తరగతిలో వర్ణమాల చెప్పి, రెండులో గుణింతాలు, ఒత్తులు ముగించి, మూడులో పాఠం అప్పగించడం తెలుగు లిపికి నప్పే లెక్క కాదు.

అందుకే అక్షరం ముందా పదం ముందా అనే వాదన ఎప్పుడు వచ్చినా నేను రెండూ కావాలంటాను. గుణింతాల పాట ఉండనివ్వండి. ఆ పాటలోని అక్షరం అదే రోజు పిల్ల మాటల్లో, పిల్ల వాక్యంలో కనబడనివ్వండి. మూడు, నాలుగు తరగతుల్లోనూ ఒత్తులకు వేళ కేటాయించండి. బడిలో బీరువాలో తాళం వేసిన కథల పుస్తకాలు పిల్లల చేతికివ్వండి. చిరిగితే చిరగనివ్వండి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. మా అమ్మకు అప్పటికి నాలుగు ముక్కలే వచ్చు. రాత్రి అన్నాలయ్యాక పిల్లను పక్కన కూచోబెట్టుకుని ఒక కథ చదవమనండి. మాట మింగేస్తే మళ్లీ చదవమనండి. చదవడం అయ్యాక ఏమయిందో చెప్పమని అడగండి. చెప్పేదాకా వినండి. ‘వీడికి చదువు అబ్బదు’ అనే మాట మాత్రం ఏ పిల్ల గురించీ అనకండి. ముందు వాడు ఏ ఒత్తు దగ్గర ఆగాడో చూడండి.